భారుచి మాట, మా అమ్మ సంతకం

“ఆడబిడ్డకు శాస్త్రం ఇమ్మన్నది పెండ్లి ఖర్చు. అది మీ నాయన ఎప్పుడో పెట్టేసినాడు. ఇంక భాగమనే మాట యాడిదమ్మా?”

2021 ఫిబ్రవరిలో, పుంగనూరులో మా చిన్నమామ ఇంటి వసారాలో కూర్చుని, బంధువుల్లో ఒక పెద్దాయన మా అమ్మతో అన్న మాట ఇది. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. కోపంగా అనలేదు. పిల్లలకు ఎక్కాలు చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు. అమ్మ తల వంచుకుని వింది. పక్కన పెద్దమ్మ కూడా వింది. స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చింది. మరుసటి రోజు అక్కచెల్లెళ్ళిద్దరూ రిజిస్ట్రాఫీసుకు వెళ్ళి హక్కు విడుదల పత్రం మీద సంతకాలు పెట్టి వచ్చారు. ఒక్కొక్కరికి ఒక పట్టుచీర, పసుపు కుంకుమ, యాభై వేల రూపాయలు.

తాత పొలం మొత్తం ఎనిమిదెకరాలు. అందులో చెరువు కింది ఐదెకరాలు అమ్మకానికి పెట్టారు. ఆడబిడ్డల సంతకాలు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దని కొనేవాళ్ళకు వాళ్ళ లాయరు చెప్పాడు. దానికి కారణం ఉంది. మా అమ్మ పెండ్లి 1984 మేలో అయింది. ఆడపిల్లకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో భాగం ఉందంటూ ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందే పెండ్లి అయిపోయినవాళ్ళకు అది వర్తించదు. పదహారు నెలల తేడాతో మా అమ్మ గీతకు అవతల ఉండిపోయింది. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ గీతను చెరిపింది. కానీ 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే ఆ హక్కని 2015లో సుప్రీంకోర్టు అంది. మా తాత 1999లోనే పోయాడు. తాత సొంత వంతులో ఒక ముక్క 1956 చట్టం కిందనే అమ్మకు వస్తుంది కానీ, ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీలు, తండ్రి ఉన్నా పోయినా కూతురి హక్కు కూతురిదే అని తేల్చారు. నోటిమాటగా ఎప్పుడో పంపకాలైపోయాయని చెబితే అంత తేలిగ్గా నమ్మడానికి లేదని కూడా అన్నారు. పట్టుచీర అందుకని వచ్చింది.

ఆ వసారాలో నేనూ ఉన్నాను. కేతన మీద ఐదేళ్ళు పని చేసి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని. ఆ మాట పెద్దాయన నోట్లోంచి వస్తున్నప్పుడే నాకు తెలుసు, అది శాస్త్రం మాట కాదని, శాస్త్రంలో ఒక పక్షం వాళ్ళ మాట అని. ఆ పక్షం పేరు కూడా తెలుసు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒకాయన ఆ పేరు ఎత్తి మరీ దాన్ని కాదన్నాడని తెలుసు. నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను.

కాదన్న ఆయన విజ్ఞానేశ్వరుడు. చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడి (1076–1126) కాలంలో, ఇప్పుడు బసవకల్యాణం అని పిలుస్తున్న కల్యాణ నగరంలో, యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. హిందూ ఆస్తి చట్టం అంటే ఈ దేశంలో చాలాభాగానికి చాలాకాలం మితాక్షరే. అందుకని అదేదో రాతిమీద చెక్కిన ఆజ్ఞల పట్టిక అని మనలో చాలామందికి ఒక ఊహ. తెరిచి చూస్తే అది ఒక పెద్ద తగువు. ప్రతి పేజీలో ఎవరో ఒకరు లేచి ఏదో అంటారు, ఈయన వాళ్ళను పూర్తిగా మాట్లాడనిచ్చి, ఆ తరువాత ఒక్కొక్క ఈక పీకుతాడు.

తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పెండ్లికాని అక్కచెల్లెళ్ళకు తమ భాగాల్లోంచి నాలుగో వంతు ఇచ్చి సంస్కారం జరిపించాలని యాజ్ఞవల్క్యుడు అన్నాడు. మనువులోనూ ఇలాంటి మాటే ఉంది, ఇవ్వనివాళ్ళు పతితులౌతారన్న హెచ్చరికతో సహా. ఈ నాలుగో వంతు అంటే ఏమిటి? పెండ్లికి సరిపడా డబ్బు, అంతకు మించి లేదు అన్నది భారుచి అనే వ్యాఖ్యాత పక్షం. విజ్ఞానేశ్వరుడు ఒప్పుకోలేదు. అసహాయుడు, మేధాతిథి చెప్పిన అర్థమే సరి, భారుచిది సరికాదు అని పేర్లు పెట్టి రాశాడు. ఇవ్వకపోతే పాపమని చెప్పినదాన్ని ఖర్చు పద్దుగా కుదించడానికి ఆధారం ఎక్కడుందని ఆయన ప్రశ్న. అంతటితో ఊరుకోక లెక్క కూడా వేసి చూపించాడు. ఆయన పద్ధతిలో మా తాత పొలాన్ని వేసి చూద్దాం. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఎనిమిదెకరాలను నాలుగు పాళ్ళు చేస్తే పాలు రెండెకరాలు. అందులో నాలుగో వంతు అర ఎకరా. ఒక్కొక్క ఆడబిడ్డకు అర ఎకరా భూమి. చీర కాదు.

ఇక్కడ నన్ను పట్టుకోవచ్చు. ఈ నాలుగో వంతు తండ్రి పోయిన తరువాతి సంగతి, పెండ్లి కానివాళ్ళ సంగతి. మా అమ్మ పెండ్లి నాటికి తాత నిక్షేపంగా ఉన్నాడు. తండ్రి బతికుండగా ఆయన ఇష్టపడి ఇచ్చిందే కూతురిదని మితాక్షర కూడా అంటుంది. అవును. విజ్ఞానేశ్వరుడి దగ్గరకు వెళ్ళినా మా అమ్మ కేసు గెలవదు. నా కోపం దాని గురించి కాదు. పెద్దాయన ‘శాస్త్రం’ అన్నాడు. ‘శాస్త్రకారుల్లో ఫలానా ఆయన ఇట్లా అన్నాడు, ఇంకొకాయన కాదన్నాడు’ అనలేదు. ఆ రెండు వాక్యాలకూ మధ్య తేడా చెరువు కింద ఐదెకరాలంత ఉంది. మొదటిదానికి తల వంచాలి. రెండోదానికి ఎదురు ప్రశ్న వేయొచ్చు.

ఆస్తి పంపకాల మీద ఈ మధ్యయుగపు పండితులు ఎంత ఘోరంగా కొట్టుకున్నారో చూడాలంటే, కొడుకు లేకుండా చనిపోయినవాడి భార్య సంగతి చదవాలి. యాజ్ఞవల్క్యుడు వారసుల వరసలో మొదట పత్నినే చెప్పాడు. ఆ ఒక్క పదం గొంతులో ముల్లులా అడ్డుపడింది చాలామందికి. ధారేశ్వరుడు అనే ఆయన, ఆమెకు ఆస్తి వస్తుంది కానీ నియోగానికి ఒప్పుకుంటేనే వస్తుంది అన్నాడు. అంటే భర్త వంశానికి కొడుకును కని ఇస్తానంటేనే. ఈ ధారేశ్వరుడు భోజరాజే. అవును, పద్యం చెబితే అక్షరలక్షలిచ్చాడని చిన్నప్పుడు మనం కథలు కథలుగా చదువుకున్న ఆ భోజరాజు. శ్రీకరుడు అనే ఇంకో ఆయన, ఆస్తి కొద్దిపాటిదైతేనే భార్యకు, ఎక్కువుంటే అన్నదమ్ములకు అన్నాడు. మరికొందరు, ధనం పుట్టిందే యజ్ఞాల కోసం, ఆడదానికి యజ్ఞం చేసే అధికారం లేదు, కాబట్టి ధనమూ అక్కర్లేదు అన్నారు. విజ్ఞానేశ్వరుడు ముగ్గురికీ జవాబు చెప్పాడు. ధనమంతా యజ్ఞానికే అయితే దానధర్మాలు, భోగాలు దేనితో చేస్తున్నారని అడిగాడు. నియోగం షరతు మూలంలో ఎక్కడా లేదన్నాడు. ఆస్తి ఎక్కువైతే భార్య హక్కు ఎందుకు మాయమవుతుందని నిలదీశాడు.

స్త్రీధనం దగ్గర ఆయన ఇంకా దూరం పోయాడు. స్త్రీధనం ఏమేమిటో చెబుతూ యాజ్ఞవల్క్యుడు చివర ‘ఆద్యం’ అని ఒక మాట వేశాడు. మొదలైనవి అని అర్థం. ఆ ‘మొదలైనవి’లోకి విజ్ఞానేశ్వరుడు వారసత్వంగా వచ్చింది, కొనుక్కున్నది, పంపకంలో వచ్చింది, దొరికింది అన్నీ చేర్చేశాడు. ఆడమనిషికి ఏ దారిన వచ్చిన ఆస్తి అయినా ఆమె ధనమే. దానికి వేరే పారిభాషిక అర్థం లేదన్నాడు. బెంగాలులో జీమూతవాహనుడు, దక్షిణాన దేవణ్ణభట్టు ఆ తలుపును మళ్ళీ బిగించారు. మన మద్రాసు కోర్టుల్లో తరువాతి కాలంలో ఎంతో గౌరవం పొందిన స్మృతిచంద్రిక ఈ దేవణ్ణభట్టుదే. చెల్లెలి నాలుగో వంతు విషయంలో ఆయన మళ్ళీ పెండ్లి ఖర్చు పక్షానికే పోయాడు. పుంగనూరు పెద్దాయన ఈ పుస్తకాల్లో ఏదీ చూసి ఉండడు. అయినా ఎవరి మాట ఆయన నోటిదాకా చేరిందో, ఎవరి మాట దారిలో ఆగిపోయిందో చూడండి.

మా అమ్మ స్త్రీధనం ఒక ఆవు. పుంగనూరు ఆవు, నడుము దాకా కూడా రాని పొట్టి జాతి. ఈ మధ్య ఢిల్లీ దాకా పేరు పోయి కార్ల రేటు పలుకుతున్నాయి కానీ, ఆ రోజుల్లో అది పేదింటి పాడి. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద తోలిచ్చారు. నేను పుట్టక ముందే మా అబ్బ, అంటే నాయన తండ్రి, దాన్ని సంతలో అమ్మి బోరు వేయించాడు. బోరులో నీళ్ళు పడలేదు. భర్త భార్య ధనాన్ని తీసుకుని తిరిగి ఇవ్వనక్కర్లేని సందర్భాలు యాజ్ఞవల్క్యుడు నాలుగు చెప్పాడు. కరువు, ధర్మకార్యం, జబ్బు, నిర్బంధం. బోరు ఆ జాబితాలో లేదు. పోనీ మా వైపు కరువు లేని ఏడు ఏదని కరువు ఖాతాలో వేసుకుందామన్నా, మితాక్షర ప్రకారం ఆ మినహాయింపు భర్తకే. మామకు కాదు. మా అబ్బకు ఈ సంగతి చెప్పడానికి ఆయన లేడు. ఉన్నా చెప్పేదాన్నా అన్నది వేరే ప్రశ్న.

విజ్ఞానేశ్వరుణ్ణి ఎత్తుకుని ఊరేగించాలని నేను చెప్పడం లేదు. మన సెమినార్లలో ఈ జబ్బు కూడా ఉంది, ‘మన ప్రాచీనులు స్త్రీకి ఎన్ని హక్కులిచ్చారో’ అంటూ కళ్ళు తుడుచుకోవడం. ఆయన భార్యకు ఆస్తి ఇచ్చింది అన్నదమ్ముల నుంచి వేరుపడిపోయిన మగవాడి విషయంలో మాత్రమే. ఉమ్మడి కుటుంబంలో భర్త పోతే ఆమెకు కూడూ గుడ్డే. సేద్యం మీద బతికే ఇండ్లలో ఉమ్మడి కానివి ఎన్ని? పైగా ఆమె శీలవతి అయి ఉండాలి. కొడుక్కి పుట్టుకతోనే ఆస్తిలో హక్కు వస్తుందన్న సిద్ధాంతాన్ని బలంగా నిలబెట్టింది ఈ మితాక్షరే. కూతురికి పుట్టుక ఉంది, హక్కు లేదు. దాన్ని సరిచేయడానికి మనకు 1985 దాకా, 2005 దాకా పట్టింది.

ఎదురుచెప్పినవాడల్లా మనవైపు మనిషి కాడు. ఇది నాకు బాగా తలకెక్కింది వేరే దేశపు పుస్తకాలు చదివినప్పుడు. పీహెచ్‌డీ చివరి ఏడాది, వ్యాఖ్యానాలు రాసుకునే అలవాటు ఇంకే జాతుల్లో ఇంత గట్టిగా ఉందా అని వెతుకుతూ యూదుల న్యాయగ్రంథాల చరిత్రలోకి వెళ్ళాను. విజ్ఞానేశ్వరుడికి రెండు తరాల తరువాత, 1180 ప్రాంతంలో, ఈజిప్టులో మైమోనిడీస్ అనే పండితుడు యూదుల ధర్మశాస్త్రం మొత్తాన్ని క్రమంలో పెట్టి మిష్నే తోరా రాశాడు. ఏ మాట ఎవరిదో, ఏ వాదన మీద ఏది తేలిందో వదిలేసి, తేలిన నియమాలు మాత్రమే ఇచ్చాడు. దక్షిణ ఫ్రాన్సులో పోస్కియేర్ అనే ఊళ్ళో అబ్రహాం బెన్ డేవిడ్ అనే రబ్బీ ఉండేవాడు. ఆయన్ను రావాద్ అంటారు. 1198లో పోయాడు. ఆయన ఆ పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని వాక్యం వాక్యానికి ఆక్షేపణలు రాశాడు. పేర్లూ ఆధారాలూ చెప్పకపోతే, న్యాయం చెప్పేవాడు తన అభిప్రాయాన్ని ఎవరి మాట చూసి మార్చుకోవాలి అన్నది ఆయన మొదటి ఆక్షేపణ. మా పెద్దాయనను నేను అడగవలసిన ప్రశ్న అదే. అంతకు ముందు శతాబ్దంలో అల్ఫాసి అనే ఆయన చేసిన సంగ్రహం మీద జెరహ్యా హలేవి విమర్శ రాస్తే, రావాద్ ఆ విమర్శకూ విమర్శ రాశాడు. తరువాతి శతాబ్దంలో నహ్మనిడీస్ అల్ఫాసి పక్షాన ఒక పెద్ద గ్రంథమే రాశాడు. దాని పేరులోనే యుద్ధాలు అన్న మాట ఉంది. అచ్చు యంత్రాలు వచ్చాక మైమోనిడీస్ మాటనూ రావాద్ ఆక్షేపణనూ ఒకే పేజీ మీద పక్కపక్కన అచ్చువేశారు. ఇప్పటికీ అలాగే చదువుతున్నారు. ఈ సంగతి చదివి ఎంత ముచ్చటపడ్డానో!

ఆ ముచ్చట కాస్త దిగింది వివాహ నియమాల అధ్యాయం దగ్గర. ఇంట్లో చేయవలసిన పని చేయనని మొండికేసిన భార్యను బలవంతంగా చేయించవచ్చు, కర్రతోనైనా సరే అని మైమోనిడీస్ రాశాడు. రావాద్ వెంటనే అభ్యంతరం చెప్పాడు. ఆడవాళ్ళను కర్రతో దండించడం అనేది తాను ఎప్పుడూ విననే లేదన్నాడు. నేను కుర్చీలో ముందుకు జరిగాను. తరువాతి మాట, ఆమె లొంగేదాకా ఆమెకిచ్చే ఖర్చులూ తిండీ తగ్గించాలి.

కర్రా, ఆకలా? ఇద్దరు మహాపండితుల మధ్య భేదాభిప్రాయం అది. ఒకే పేజీ మీద, పక్కపక్కన. ఆ పేజీ మీద మూడో మాట రాయడానికి జాగా ఉంది, రాసే మనిషిని మాత్రం రానివ్వలేదు. ధారేశ్వరుడు, శ్రీకరుడు, భారుచి, విజ్ఞానేశ్వరుడు కూర్చున్న సభలోనూ అంతే. వాళ్ళు తెగ వాదించుకున్నది మన గురించి. మనం వసారాలో తల వంచుకుని ఉన్నాం.

అయినా ఆ తగువు బతికి ఉన్నంతకాలం ఏదో ఒక సందు ఉండేది. దాన్ని ఆపింది ఎవరు? 1810లో కలకత్తాలో కోల్‌బ్రూక్ మితాక్షర దాయభాగాన్ని ఇంగ్లీషు చేశాడు. అప్పటినుంచి సంస్కృతం రాని జడ్జీలు దాన్ని చట్టంలా చదివారు. అదైనా పూర్తిగా చదివారా? 1867లో మైనా బాయి అనే వితంతువు కేసులో, భర్త నుంచి వచ్చిన ఆస్తి ఆమె స్త్రీధనం కాదని లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ‘ఆద్యం’ అన్న మాటలోకి విజ్ఞానేశ్వరుడు చేర్చినవాటిని పక్కకు పెట్టేశారు. మరుసటి ఏడు రామనాథపురం జమీ కేసులో, పాత ప్రమాణాల నుంచి ఏ అర్థం న్యాయంగా వస్తుందో వెతకడం జడ్జీ పని కాదు, ఆ ప్రాంతంలో ఏ సంప్రదాయం చెల్లుబాటవుతున్నదో అదే చూడాలి అన్నారు. (ఆ కేసులో చివరికి వితంతువు చేసుకున్న దత్తతే నిలబడింది. అది ఆమె అదృష్టం.) ఏ మాట సరైనదన్నది పోయి, ఏ మాట గెలిచిందన్నది మిగిలింది. గెలిచిన మాటలు ఎవరి నోళ్ళలో ఉంటాయో వేరే చెప్పాలా?

తగువును మళ్ళీ తెరిస్తే ఏమవుతుందో తెలుగు నేల మీదనే ఒక ఉదాహరణ ఉంది. వడ్డెబోయిన తులశమ్మ. 1931లో భర్త పోయాడు. మనోవర్తి కోసం భర్త సవతి సోదరుడి మీద కోర్టుకెక్కింది. 1949లో రాజీలో కొంత ఆస్తి వచ్చింది, బతికినన్నాళ్ళూ అనుభవించడానికి మాత్రమే, అమ్ముకోవడానికి కాదు. అది ఆమె సొంతమేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకోసం జడ్జీలు 1956 చట్టంలోని 14వ సెక్షన్‌తో ఆగలేదు. భార్య పోషణ హక్కు భర్త దయ కాదు, ఆస్తిని అంటిపెట్టుకున్న హక్కు అని చూపడానికి పాత ధర్మశాస్త్రాల దాకా వెళ్ళారు. భర్త పోయిన నలభై ఆరేళ్ళకు. తులశమ్మ పేరు మన స్త్రీవాద వ్యాసాల్లో ఎన్నిసార్లు వచ్చింది? న్యాయశాస్త్రం చదివే పిల్లలకు ఆమె ఒక కేసు. మనకు ఆమె అది కూడా కాదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరము అనే పేరుతో ఈ ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తిక్కనకు దశకుమార చరిత్రము అంకితమిచ్చిన కేతనే. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా ఉన్న ఆ పుస్తకం తెలుగులో తొలి న్యాయగ్రంథమని సాహిత్య చరిత్రల్లో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం దగ్గరే మనం ఆగిపోయాం. ఎం.ఏ.లో కేతన అంటే ఆంధ్రభాషాభూషణము, తొలి వ్యాకరణం. మహా అయితే దశకుమార చరిత్రలో కథనశిల్పం. న్యాయగ్రంథాన్ని ఎవరూ పాఠం చెప్పరు. నేను దాని మీద పని చేస్తానన్నప్పుడు ఒక పెద్ద ప్రొఫెసరు, “అందులో కవిత్వం ఏముందమ్మా?” అన్నారు. నిజమే, నేనూ కవిత్వం వెతకలేదు. కానీ సిగ్గుతో చెబుతున్నాను, నేను వెతికింది కూడా ఛందస్సు, దేశ్య పదాలు, తిక్కన ప్రభావం. దాయవిభాగం మీద నా సిద్ధాంత వ్యాసంలో ఉన్నవి పదకొండు పేజీలు. సంస్కృతంలోని అంత పెద్ద ఖండనమండనలు పద్యాల సంగ్రహంలో పట్టవని ఒక్క వాక్యం రాసి దాటేశాను. పట్టకపోతే ఏం జారిపోయింది, ఎవరి మాట మిగిలింది, అది చదివిన తెలుగు గ్రామ పెద్దలకు ఏది శాస్త్రమైంది? ఆ ప్రశ్న వేయాలని నాకు తోచలేదు. అది సాహిత్య ప్రశ్న కాదనుకున్నాను.

ఆ పేజీలు రాయడానికి నేను కుప్పం వెళ్ళి ద్రావిడ విశ్వవిద్యాలయం లైబ్రరీలో కూర్చునేదాన్ని. కుప్పం బస్టాండులో ఒకే టీ కొట్టు దగ్గర తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. కన్నడ దేశంలో రాసిన విజ్ఞానేశ్వరుడు, తమిళ దేశంలో చెల్లిన దేవణ్ణభట్టు, నెల్లూరు వైపు తెలుగు చేసిన కేతన, ముగ్గురి మాటలూ కలిసే చోటు అది అని అప్పుడు మురిసిపోయాను. ఆ టీ కొట్టు నడిపే ఆమెను మీ పుట్టింట్లో భాగం తీసుకున్నావా అని అడగలేదు.

ఈ శాస్త్రాల మీద ఒక్క ఆడమనిషి పేరైనా లేదా అంటే, ఒకటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో మితాక్షర మీద వచ్చిన బాలంభట్టి అనే వ్యాఖ్య లక్ష్మీదేవి పేరు మీద ఉంది. వారసుల వరసలో ‘భ్రాతరః’ అన్న మాటలో అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెళ్ళూ వస్తారని వాదించింది ఆ పుస్తకమే. కోర్టులు దాన్ని పెద్దగా లెక్కచేయలేదు. పండితులేమో, ఇది ఆమె రాసింది కాదు, భర్త వైద్యనాథ పాయగుండే రాశాడని కొందరు, కొడుకు రాశాడని కొందరు తేల్చారు. కావచ్చు. ఆమె రాసిందని రుజువు చేయగలిగే ఆధారం నా దగ్గర లేదు. అయితే ఒకటి గమనించాను. రాజుల పేర్ల మీద చెలామణీ అయ్యే ధర్మశాస్త్ర గ్రంథాలు ఎన్నో ఉన్నాయి, ఆస్థాన పండితులు రాసిచ్చినవి. వాటి దగ్గర ఈ కర్తృత్వపు తగువు ఇంత వేడిగా జరగదు.

మదనపల్లెలో, అంటే నేను ఉండే ఊళ్ళో, ఇలాగే ఒకామెను కుదించారు. 1919లో రవీంద్రుడు ఇక్కడి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమనను ఇంగ్లీషు చేశాడని, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాసిందని పిల్లలందరికీ తెలుసు. ఆమె 1917లో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టినవాళ్ళలో ఒకరని, 1927లో మొదలైన అఖిల భారత మహిళా సభ వెనక ఉన్నదని, ఆ సభ తరువాతి పదేళ్ళలో హిందూ స్త్రీల ఆస్తి హక్కు కోసం సంతకాలు సేకరించి, తీర్మానాలు చేసి ప్రభుత్వాన్ని నిలదీసిందని నా క్లాసులో ఒక్కరికి తెలియదు. వాళ్ళకు పియానో గుర్తుంది.

“ఎందుకమ్మా ఈ పాత కాగితాలు? చట్టం వచ్చేసింది కదా,” అని నా స్నేహితురాలు, లాయరు, అడిగింది. చట్టం వచ్చిన ఆర్నెల్లకు మా అమ్మ సంతకం పెట్టింది. ఆమె చేత పెట్టించింది చట్టం కాదు, ‘శాస్త్రం’ అన్న రెండక్షరాలు, వాటి వెనక పుట్టిల్లు పోతుందన్న భయం. ఇంకో మిత్రురాలి ప్రశ్న దీనికన్నా పదునైనది. తను దళిత రచయిత్రి. “పంచుకోడానికి భూమే లేని ఇండ్లలో పుట్టినోళ్ళం. మా అమ్మమ్మలు మీ తాతల మళ్ళలో నాట్లేసినారు. ఏ శాస్త్రి ఏమన్నాడో మాకెందుకు?” అంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మా ఎనిమిదెకరాలు ఎక్కడివి, ఎవరి చేతుల మీదుగా వచ్చాయి అని నేను ఇంతవరకు అడగలేదన్నది నిజం. వర్ణాన్ని బట్టి పాళ్ళు కట్టిన పుస్తకాలివి. ఆమె వాటిని అవతల పారేస్తానంటే కాదనే హక్కు నాకు లేదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. వాటిని చదవకుండా పారేసిన చోట అవి పుంగనూరు వసారాల్లో మొలుస్తున్నాయి.

పోయిన ఏడాది ఈ వ్యాసం మొదటి చిత్తుప్రతిని అమ్మకు చదివి వినిపించాను. టొమాటో మార్కెట్టు లారీల మోత లేని మధ్యాహ్నం. భారుచి పేరు రెండుసార్లు చెప్పించుకుంది. ఆవు దగ్గర నవ్వింది. అర ఎకరా లెక్క దగ్గర నవ్వు ఆపేసి, “ఇదంతా నీకు అప్పుడే తెలుసునా?” అంది.

తెలుసునన్నాను.

“మరి ఆ పొద్దు నోరెందుకు మెదపలా? మీ మామ బాధపడతాడనా? పెద్దాయన ముందర మర్యాదగా ఉండదనా? నేనైతే చదువుకోలేదు, తల వంచుకున్నా. నీకేమైంది?”

నేను చెప్పిన సంజాయిషీలు ఇక్కడ రాయను. అవి ఇలాంటి సందర్భాల్లో మనందరం చెప్పుకునేవే.

మెట్ట మూడెకరాలు ఇంకా మిగిలి ఉంది. విడుదల పత్రంలో అది లేదు. ఈ సంక్రాంతికి చిన్నమామ అరిసెలు, చెరుకు గడలు పట్టుకుని వచ్చాడు. బైపాసు పక్కన మెట్ట భూములకు మంచి రేటు పలుకుతున్నదని కాఫీ తాగుతూ మాటల్లో అన్నాడు. ఆయన వెళ్ళాక అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

“మూడెకరాల్లో నాదెంత? శాస్త్రం లెక్క కాదు, కోర్టు లెక్క చెప్పు.”

నలుగురు బిడ్డలు, నాలుగు సమాన పాళ్ళు. ముప్పావు ఎకరా అని చెప్పాను. గోడకున్న క్యాలెండరు మీద, పాల లెక్క రాసుకునే చోట, పెన్సిలుతో రాసుకుంది. తరువాత పెద్దమ్మకు ఫోను కలపమంది.